పదిహేడో నంబరు తలుపు

ఆ వీధిలో ఆమెను అందరూ కండక్టరమ్మ అనేవారు. పద్దెనిమిదేళ్లు సిటీ బస్సులో టికెట్లు కొట్టింది. మోకాళ్లు అరిగిపోయాక డిపోలో ఒక మూల కూర్చోబెట్టి, ప్రయాణికులు మరిచిపోయిన వస్తువుల గది అప్పగించారు. గొడుగులు, టిఫిన్ డబ్బాలు, ఒంటి చెప్పులు, ఒకసారి ఎవరిదో పళ్లసెట్టు. ఆమె బస్సు దిగి ఆరేళ్లయింది గానీ బస్సు మాత్రం ఆమెలోంచి దిగలేదు. ఎక్కడ నలుగురు గుమిగూడినా ఆమె కళ్లు ముందు తలలు లెక్కపెడతాయి, నోరు ఆ తర్వాత తెరుచుకుంటుంది. ఎవరింట్లో శుభకార్యానికి వెళ్లొచ్చినా భోజనం ఎలా ఉందో చెప్పదు, ఎంతమంది తినకుండా వెళ్లిపోయారో చెబుతుంది.

ఆమె భర్త ఒక కోల్డ్ స్టోరేజ్‌లో నైట్ వాచ్‌మన్. రాత్రంతా గేటు కాసి పొద్దున ఏడున్నరకు ఇంటికొచ్చి, రెండు ముద్దలు తిని, మూడింటిదాకా పడుకునేవాడు. కుడిచెవి సరిగా వినపడదు. ఎడమవైపు తిరిగి, వినపడే చెవిని దిండులో దూర్చి పడుకుంటే ఇక ఆయనకు లోకంతో పని లేదు. పిల్లలు లేరు. ఆయన వచ్చేసరికి ఆమె డిపోకి బయల్దేరుతూ ఉండేది, ఆమె తిరిగొచ్చేసరికి ఆయన బయల్దేరేవాడు. ఇరవై రెండేళ్ల కాపురంలో సగం మాటలు గుమ్మం దగ్గరే అయిపోయాయి.

వీధి ఏటవాలుగా ఉంటుంది. మొత్తం నలభై ఆరు ఇళ్లు. కింద వీధి మొదట్లో ఒక సెలూన్. పైన వీధి వెనకాల ఒక మట్టిదిబ్బ. అది దేవుడు పెట్టిన కొండ కాదు, క్వారీ వాళ్లు పనికిరాని మట్టంతా తెచ్చి ముప్ఫై ఏళ్లుగా పోసిన దిబ్బ. అది జారకుండా అడ్డంగా ఒక రాతిగోడ కట్టారు. గోడకు నీళ్లు పోవడానికి చిల్లులు వదిలారు. పదకొండు నుంచి పద్దెనిమిదో నంబరు దాకా ఎనిమిది ఇళ్ల వెనక గోడలకీ ఆ రాతిగోడకీ మధ్య మనిషి పక్కకు తిరిగి నడిచేంత సందు మాత్రమే ఉంది. కండక్టరమ్మది పదిహేడో నంబరు.

రెండేళ్ల కిందట ఒక వానకి గోడ చివర కొంత కూలి, సైకిళ్లు పెట్టుకునే రేకుల షెడ్డు మట్టిలో కలిసిపోయింది. మనుషులకేం కాలేదు. ఎండలు రాగానే వీధి ఆ సంగతి మరిచిపోయింది. కండక్టరమ్మ మరవలేదు. షెడ్డు ఉన్న చోటు నుంచి తన వంటగది దాకా అడుగులు లెక్కపెట్టింది. పద్నాలుగు.

మొదట్లో ఆమె కూడా అందరూ చేసే పనే చేసింది. ఆదివారం సాయంత్రం మీటింగని కాగితాలు అంటించింది. అయిదుగురు వచ్చారు. అందులో ఇద్దరు దారి తప్పి వచ్చినవాళ్లు. మూడో ఆయన గంటసేపు క్వారీ చరిత్ర చెప్పాడు. ఇంటికొచ్చి తల పట్టుకుని కూర్చుంటే, డ్యూటీకి బయల్దేరుతున్న భర్త అన్నాడు.

"బస్టాండులో నిలబడి అరిస్తే ఎవరెక్కుతారు? ఇంటి ముందు బస్సు ఆపి చూడు."

ఆ మాట ఆమె పట్టుకుంది. మర్నాటి నుంచి డిపో నుంచి రాగానే రోజుకు మూడిళ్ల తలుపు తట్టింది. గోడ గురించి ఎత్తేది కాదు, ఉపన్యాసం ఇచ్చేది కాదు. ఒక్కటే అడిగేది. "వానొస్తే మీరు ఏ గదిలో పడుకుంటారు?"

అంతే. అడిగి ఊరుకునేది. జనం మొదట నీళ్లు నమిలేవారు. తర్వాత చెప్పేవారు. వెనక గదిలో మంచం ముందు గదిలోకి జరిపామని ఒకరు. చినుకు పడితే పిల్లల్ని వాళ్ల అమ్మమ్మ ఇంటికి పంపేస్తామని ఒకరు. అసలు నిద్రే పోం, గోడకు చెవి పెట్టి కూర్చుంటామని ఒకావిడ. ఎవరి భయం వాళ్లు కడుపులో దాచుకుని, పక్కింటివాళ్లు నవ్వుతారేమోనని నోరు మెదపకుండా బతుకుతున్నారు. పదహారు రోజుల్లో నలభై ఆరు ఇళ్లూ తిరిగి, ఆ తర్వాత వాళ్ల మాటలే వాళ్లకు చెప్పింది. "పైవరసలో మంచం ముందుకు జరపని ఇల్లు ఒక్కటీ లేదు" అంది. ఆ ఆదివారం నలభై మంది వచ్చారు.

చేతిలో పనిలేని మనిషి సలహాలిస్తాడని బస్సులో నేర్చుకున్న మనిషి ఆమె. అందుకే వచ్చిన ప్రతివాళ్ల చేతిలో ఏదో ఒక చిన్న పని పెట్టింది. ఇరవయ్యో నంబరు మేస్త్రీ తాతకు గోడ అప్పజెప్పింది. ఆయన రోజూ రెండుసార్లు చిల్లుల దగ్గరికెళ్లి చూడాలి. "నీళ్లు తేటగా వస్తే భయం లేదు. బురదగా వస్తే భయం. వానలో అసలు రాకపోతే ఇంక చూడక్కర్లేదు, పరుగే" అని తాత అందరికీ పాఠం చెప్పాడు. ఆయన మెడలో కండక్టరమ్మ తన పాత విజిల్ వేసింది.

అందరికంటే ఎక్కువ వెక్కిరించినవాడు సెలూన్ అతను. "దిబ్బ జారితే ఈవిడ టికెట్ కొట్టి ఆపుతుందట" అని గడ్డాలు గీస్తూ జోకులేసేవాడు. కండక్టరమ్మ తిన్నగా అతని దగ్గరికే వెళ్లింది.

"పొద్దున వీధిలోంచి బయటికెవరు పోయారో, లోపలికెవరొచ్చారో నీకు తెలిసినట్టు ఎవరికీ తెలీదు తమ్ముడూ. లెక్క నువ్వే చూడాలి."

అతనికి ముచ్చటేసింది. ఒక పలక కొని అద్దం పక్కన తగిలించాడు. ఆ రోజు నుంచి ఏ గంటకు అడిగినా వీధిలో ఎంతమంది ఉన్నారో చెప్పేవాడు.

గోడ బాగుచేయమని ఇంజనీరు ఆఫీసుకు అర్జీ పట్టుకెళ్లాలంటే ముగ్గురు. ఒకరు మాట్లాడాలి, ఒకరు నోరు మూసుకుని వినాలి, ఒకరు నకలు మీద ముద్ర వేయించుకునేదాకా బల్ల వదలకూడదు. అలా ముద్రలైతే పది పడ్డాయి, గోడ మీద సిమెంటు మాత్రం పిసరంత పడలేదు. ఇంజనీరు మారతాడు, కొత్త ఇంజనీరు ఫైలు తెప్పిస్తానంటాడు, ఫైలు వచ్చేలోగా అతనూ మారతాడు. నలభై ఆరు ఇళ్ల ప్రాణాల మీద వాళ్లు మీనమేషాలు లెక్కపెడుతూ కూర్చున్నారు. ఆ ఆఫీసు గురించి ఇంకా చెబితే నా నోరు పాడవుతుంది.

గోడ ఎప్పటికి బాగవుతుందో తెలియదు కనక, అది కూలితే ఏం చేయాలో చూసుకోవాలి. దానికి ఆమె ఒక కాగితం రాసింది. విజిల్ వినగానే ఎవరు ఏ తలుపులు తట్టాలో అందులో ఉంది. ఒక్కో మనిషికి రెండు తలుపులు. దానికొక నియమం పెట్టింది. "తలుపు కొట్టడం కాదు మీ పని, తెరిపించడం. లోపలి మనిషి ముఖం కనపడేదాకా అక్కణ్ణుంచి కదలొద్దు." ఆ కాగితం సెలూన్ గోడకు అంటించారు. పదిహేనో నంబరులో మిషను కుట్టే ఆవిడ ఉండేది. ఆమెను మిషనమ్మ అనేవారు. నలభై దాటిన ఒంటరి మనిషి, ఎప్పుడూ మెడలో టేపు వేసుకునే కనిపించేది. ఆమెకు వచ్చినవి పదహారు, పదిహేడు.

నెలకో ఆదివారం పొద్దున తొమ్మిదింటికి ఇదంతా అలవాటు చేసుకోవడం మొదలుపెట్టారు. తాత విజిల్ వేస్తాడు, తలుపులు మోగుతాయి, అందరూ సెలూన్ ముందుకు దిగుతారు, సెలూన్ అతను లెక్కపెడతాడు, కండక్టరమ్మ గడియారం చూస్తుంది. "ఆపద వస్తే బుర్ర పనిచేయదు. చేతికి ఏది అలవాటైతే అదే చేస్తాం" అని ఆమె ప్రతిసారీ చెప్పేది.

తొలి ఆదివారం విజిల్ మోగినప్పుడు ఆమె తన గుమ్మంలోనే ఉంది. మిషనమ్మ పదహారు తెరిపించి, పదిహేడుకి వచ్చి, చెయ్యి ఎత్తింది. కండక్టరమ్మ ఆ చెయ్యి పట్టుకుంది.

"ఆయన్ని లేపకు చెల్లీ. ఇప్పుడే కునుకు పట్టింది. రాత్రంతా నిలబడొచ్చాడు పాపం."

"మరి లెక్కో?"

"నేను చెబుతాలే."

కిందికి దిగి సెలూన్ అతనితో అంది. "మా ఆయన్ని కలిపేసుకో తమ్ముడూ. ఉన్నాడనుకో."

అతను కలిపేసుకున్నాడు. రెండో ఆదివారం మిషనమ్మ తలుపు ముందు ఆగి కండక్టరమ్మ వైపు చూసింది, కండక్టరమ్మ తలూపింది. మూడోసారి ఆగలేదు, చూసి దాటిపోయింది. నాలుగోసారి నుంచి చూడను కూడా లేదు, పదహారు తెరిపించి అటు నుంచి అటే మెట్లు దిగింది. సెలూన్ అతను అందర్నీ లెక్కపెట్టి, చివర్లో ఒకటి కలిపి చెప్పేవాడు. మొదట పంతొమ్మిది నిమిషాలు పట్టిన పని ఏడో ఆదివారానికి ఎనిమిది నిమిషాలకు దిగింది. వీధి వీధంతా చప్పట్లు కొట్టుకుంది.

ఆ సాయంత్రం గుమ్మం దగ్గర బూట్ల తాళ్లు కట్టుకుంటూ భర్త అన్నాడు. "ఊరందర్నీ లేపుతావు, నన్ను మాత్రం పడుకోమంటావు. నీ బస్సులో టికెట్ లేనివాణ్ణి నేనొక్కణ్ణేనా?"

"మీరు పగలు పడుకోకపోతే రాత్రి గేటు దగ్గర కునుకుతారు. ఆ ఉద్యోగం కూడా ఊడితే ఇద్దరం మరిచిపోయిన వస్తువుల గదిలో ఉండాల్సిందే."

"ఒక ఆదివారం నేనూ దిగొస్తా. లెక్కలో ఉన్నవాణ్ణి, ఒకసారి ముఖం చూపించొద్దూ?"

"వద్దు, పడుకోండి" అంది.

ప్రేమతోనే అంది. అది ఇక్కడే రాసిపెడుతున్నాను, ఎందుకంటే ఆ తర్వాత ఆ మాటను ఆమె ఒక్కరోజు కూడా అలా గుర్తు చేసుకోలేకపోయింది.

ఆ వాన మూడు రోజులు వదలకుండా పడింది. మూడో రోజు పదకొండో అర్జీకి కొత్త ఇంజనీరు టైమిచ్చాడు. పొద్దున ఆరింటికి కండక్టరమ్మ తాతతో కలిసి చిల్లుల దగ్గరికెళ్లి దోసిట్లో నీళ్లు పట్టి చూసింది. తేటగానే ఉన్నాయి. భర్త తడిసి ముద్దై వచ్చాడు. యూనిఫాం విప్పించి తాడు మీద ఆరేసింది, వేడిగా అన్నం పెట్టింది. ఆయన తిని, ఎడమవైపు తిరిగి పడుకున్నాడు. వాన చల్లదనానికి దుప్పటి తల మీదికి లాక్కున్నాడు. ఆమె తలుపు దగ్గరగా వేసి బయటికొచ్చింది. పదిహేనో నంబరులో మిషను చప్పుడు వినపడుతోంది. ఇవాళ ఆయన్ని కాస్త చూస్తుండమని చెబుదామా అనుకుంది. తోడు రావాల్సిన ఇద్దరూ కింద నుంచి పిలుస్తున్నారు, ఆఫీసు టైమవుతోంది. కాగితంలో ఉందిగా అనుకుని దిగిపోయింది.

ఇంజనీరు గది ముందు బల్ల మీద ముగ్గురూ నాలుగున్నర గంటలు కూర్చున్నారు. సార్ వస్తారు, సార్ మీటింగులో ఉన్నారు, సార్ భోజనానికెళ్లారు. రెండున్నరకు ఆమె ఫోన్ మోగింది. సెలూన్ అతను. వాన చప్పుడులో అరుస్తున్నాడు.

"అక్కా, గోడ పోయింది. పైవరస ఎనిమిది ఇళ్లూ పోయాయి. రెండింటికి తాత విజిల్ వేశాడు, చిల్లుల్లో నీళ్లు ఆగిపోయాయట. ఎనిమిది నిమిషాల్లో అందరం దిగాం. ఆ తర్వాత పది నిమిషాలకి పడిపోయింది. అందరం ఉన్నామక్కా. తొంభై మూడు. లెక్క సరిపోయింది."

ఆమె లేచి నిలబడింది. మోకాళ్ల నొప్పి తెలియలేదు. పక్కనున్న ఇద్దర్నీ పట్టుకుని "అందరూ దిగారట, అందరూ" అంది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఇల్లు పోయిందన్న బాధ కూడా తోచలేదు. రెండేళ్లు కాళ్లరిగేలా తిరిగినందుకు తొంభై ముగ్గురు బతికారు. ఆ బల్ల ముందు నిలబడి ఆమె నవ్వింది కూడా. ఆ నవ్వు అర నిమిషం ఉందో లేదో.

"మా ఆయనకి ఫోనివ్వు తమ్ముడూ. తడిసే ఉంటాడు."

అవతల అతను ఎవర్నో అడగడం వినపడింది. మళ్లీ ఇంకెవర్నో అడిగాడు. వాన చప్పుడు. అతను మళ్లీ లైన్లోకి వచ్చేసరికి ఆమెకు అర్థమైపోయింది. తొంభై ఇద్దర్ని లెక్కపెట్టి, ఎప్పటిలాగే ఒకటి కలుపుకున్నాడు.

సాయంత్రం ఆరింటికి తీశారు. మంచం మీదే ఉన్నాడు, ఎడమవైపు తిరిగే. నిద్రలోనే పోయి ఉంటాడు, ఆయనకేం తెలిసుండదు అని పదిమంది పది రకాలుగా చెప్పారు. ఆమె తలూపింది. తెలిసిందో లేదో ఎవరు చూశారు? గొడుగు కింద నిలబడ్డ పెద్ద అధికారి ఒకడు పక్కవాడితో, "అదృష్టం, ఒక్క ప్రాణంతో పోయింది" అన్నాడు. ఆమె వింది.

ఇళ్లు పోయినవాళ్లకి దగ్గర్లో బడి గదులిచ్చారు. మిగతావాళ్లు కూడా భయంతో అక్కడికే చేరారు. బెంచీలు గోడకు నెట్టి, చాపలు పరిచి పడుకున్నారు. రెండో రోజు కండక్టరమ్మ ఆడపడుచు వచ్చింది. తమ్ముణ్ణి చేతుల మీద పెంచిన మనిషి. ఏడుపు ఆగాక ఆమె అడిగిన మొదటి మాట ఒక్కటే.

"వీధంతా దిగితే నా తమ్ముడొక్కడు ఎలా మిగిలాడు? ఆ తలుపు ఎవరు తట్టాలి?"

ఎవరూ చెప్పనక్కర్లేదు. సెలూన్ గోడ మీద కాగితం ఉంది. పదిహేడుకి ఎదురుగా ఎవరుండాలో రాసే ఉంది. ఆ సాయంత్రానికి బడి గదిలో మిషనమ్మ చాప చుట్టూ ఖాళీ ఏర్పడింది. తన ప్రాణం కాపాడుకోవడానికి పరిగెత్తిందని ఒకరు. ఆయనతో ఎప్పుడో మాటా మాటా అయిందని ఇంకొకరు, అది ఎక్కణ్ణుంచి పుట్టిందో మరి. ఆమె బతుకుతెరువు మిషను మట్టి కింద ఉంది. టేపు మాత్రం మెడలో ఉంది. తల దించుకుని ఆ టేపు చుట్టడం, విప్పడం, మళ్లీ చుట్టడం. ఒక్క మాటకు జవాబు చెప్పలేదు. ఏడు ఆదివారాలు ఆ గుమ్మంలో ఏం జరిగిందో తెలిసినవాళ్లు ఇద్దరే. చెయ్యి ఎత్తినావిడ, ఆ చెయ్యి పట్టుకున్నావిడ. సెలూన్ అతనికి లెక్కలో కలపమన్నంత వరకే తెలుసు, అతను అప్పటికే పలక పగలగొట్టి, షాపు మూసి, మనుషులకు కనపడడం మానేశాడు.

కండక్టరమ్మ కూడా నోరు మెదపలేదు. వారం రోజులు. ఆమెను వెనకేసుకురావాలని నాకూ ఉంది గానీ, దుఃఖంలో నోట మాట రాలేదని రాస్తే అబద్ధమవుతుంది. మాట వచ్చింది. గొంతుదాకా వచ్చిన మాటను ప్రతిసారీ మింగింది. తప్పు ఇంకొకరి మీద ఉన్నంతసేపు ఆమె ఆయన కోసం ఏడవగలుగుతోంది. అది తన మీదికొస్తే ఏ ముఖం పెట్టుకుని ఏడవాలో తెలియలేదు. చాప మీద పడుకుని, గదికి అవతలి మూల టేపు చుట్టుకుంటున్న మనిషి వైపు వీపు తిప్పుకునేది.

తొమ్మిదో రోజు పొద్దున విచారణకు ఒక అధికారి వచ్చాడు. బడి పిల్లల బల్ల మీద పుస్తకం తెరిచి కూర్చున్నాడు. చుట్టూ వీధంతా నిలబడింది.

"మీరే ఏదో ఏర్పాటు పెట్టుకున్నారట గదా. మరి ఇదెలా జరిగింది? ఎవరి నిర్లక్ష్యం?"

ఆడపడుచు వేలెత్తి చూపించింది. "అదుగో, ఆవిడ. ఆ తలుపు ఆవిడది."

అధికారి మిషనమ్మ వైపు తిరిగాడు. "ఏమ్మా, తట్టావా?"

"లేదండీ" అంది మిషనమ్మ. "తట్టలేదు."

"ఎందుకు?"

మిషనమ్మ ఒక్కసారి, ఒక్క క్షణం, కండక్టరమ్మ వైపు చూసింది. తర్వాత నేల చూసింది. "తట్టలేదండీ. అంతే. రాసుకోండి."

అధికారి కలం కాగితానికి ఆనింది. కండక్టరమ్మ జనాన్ని తోసుకుని ముందుకొచ్చింది.

"రాయకండి. ఆమెకి లేపొద్దని చెప్పింది నేను."

ఆడపడుచు "ఏమిటంటున్నావు?" అంది.

"నేనే వదినా. మొదటి ఆదివారం ఈమె చెయ్యి ఎత్తితే నేనే పట్టుకున్నాను. ఆయన నిద్ర చెడుతుందని. ఏడు ఆదివారాలు ఆ తలుపు దాటిపొమ్మని నేనే నేర్పాను. లెక్కలో కలిపేసుకోమన్నదీ నేనే. చేతికి ఏది అలవాటైతే అదే చేస్తామని అందరికీ చెప్పాను, ఈమె అదే చేసింది. నేను నేర్పినట్టే చేసింది."  చుట్టూ నిలబడ్డ జనం వైపు తిరిగి మళ్లీ అంది. "వారం రోజులు ఈమెని మీరంతా మాటలంటుంటే విని ఊరుకున్నాను. అది ఇంకో తప్పు."

 అధికారి రాసుకున్నాడు.

"ఇంకోటి కూడా రాయండి" అంది ఆమె. "గోడ చెడిపోయిందని రెండేళ్లలో పదిసార్లు మీ ఆఫీసుకి రాసిచ్చాం. పదింటి మీదా మీ ముద్రలున్నాయి. గోడ పడ్డ గంటలో పదకొండోది పట్టుకుని మీ బల్ల మీదే కూర్చున్నాను."

"అది వేరే విభాగమమ్మా" అని అధికారి పుస్తకం మూశాడు.

ఆడపడుచు ఆ మధ్యాహ్నమే వెళ్లిపోయింది. గేటు దగ్గర ఆగి, వెనక్కి తిరక్కుండా అంది. "వాడు బతికుంటే నిన్ను క్షమించేసేవాడు. నా వల్ల కాదు." ఈ రోజుకీ ఆమె కండక్టరమ్మతో మాట్లాడదు. మాట్లాడమని కండక్టరమ్మ అడగనూ లేదు.

వాన సీజన్ పోయింది. కూలిన చోట ఇసక బస్తాలు పేర్చి, ఇది తాత్కాలికం అన్నారు. మిగిలిన ముప్ఫై ఎనిమిది ఇళ్లకూ జనం తిరిగొచ్చారు. రాక ఎక్కడికి పోతారు? పైవరస వాళ్లు కొందరు వీధి వదిలిపోయారు, కొందరు కిందివరసలో గదులు తీసుకున్నారు. కండక్టరమ్మ ముప్ఫై ఒకటిలో ఒక గదిలో దిగింది. మిషనమ్మ రెండిళ్ల అవతల దిగింది. ఆమెకు ఎవరో పాత మిషను ఒకటి తెచ్చిచ్చారు. ఎదురుపడితే ఇద్దరూ దారి ఇచ్చుకునేవారు, మాట్లాడుకునేవారు కాదు. ఆదివారం మీటింగు అన్న మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

మళ్లీ మబ్బులు కనపడే రోజుల్లో ఒక సాయంత్రం మేస్త్రీ తాత వచ్చి విజిల్ ఆమె చాప మీద పెట్టాడు. "బస్తాలు కుళ్లుతున్నాయి. వద్దంటే ఇది నువ్వే ఉంచుకో. కావాలంటే కాగితం రాయి" అన్నాడు.

రెండు రోజులు ఆ విజిల్ అక్కడే పడి ఉంది. మూడో రోజు రాసింది. నైట్ డ్యూటీ వాళ్లు ఆరుగురు, బాలింత ఒకరు, జ్వరం మనిషి ఒకరు. వాళ్ల పేర్ల పక్కన "తప్పకుండా లేపాలి" అని రాసింది. లెక్కకు మళ్లీ సెలూన్ అతన్నే అడిగింది. అతను చేతులు జోడించి నా వల్ల కాదక్కా అన్నాడు. "లెక్క తప్పితే ఏమవుతుందో నీకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు?" అంది ఆమె. ఆ కాగితం పట్టుకుని రెండిళ్ల అవతలికి వెళ్లింది.

మిషనమ్మ చదివింది. ముప్ఫై ఒకటికి ఎదురుగా తన పేరుంది.

"నా చెయ్యి లేవదక్కా."

"లేవాలి."

"ఇంకెవరికైనా ఇవ్వండి. మీకు దణ్ణం పెడతాను."

"ఇంకెవరికిచ్చినా నేను నిద్రపోను" అంది కండక్టరమ్మ.

ఆదివారం తొమ్మిదింటికి విజిల్ మోగింది. ఈసారి కండక్టరమ్మ గడియారం పట్టుకుని కింద నిలబడలేదు. గదిలో తలుపు గడియ వేసి, చాప మీద ఎడమవైపు తిరిగి, దుప్పటి తల మీదికి లాక్కుని పడుకుంది. పక్క తలుపు మోగడం, తెరుచుకోవడం వినపడింది. అడుగులు తన గుమ్మం ముందుకొచ్చి ఆగాయి. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత ఒక్కటి, మెల్లగా. ఆమె లేవలేదు. మళ్లీ రెండు. లేవలేదు. దుప్పటి కింద ఊపిరాడకుండా వేడిగా ఉంది, ఆయనకూ ఇలాగే ఉండేదేమో అనుకుంది. అప్పుడు తలుపు రెండు చేతులతో మోగడం మొదలైంది, ఆగకుండా, చెక్క ఊగేలా. "అక్కా, తియ్యండి. నేను పోను. మీ ముఖం చూడందే పోను" అని మిషనమ్మ ఏడుస్తూ కొడుతోంది.

కండక్టరమ్మ లేచి గడియ తీసింది. మిషనమ్మ అరచేతులు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. ఆ చేతుల్ని ఆమె ఈసారి కూడా పట్టుకుంది. అలా పట్టుకునే ఇద్దరూ వీధి దిగారు.

అందరికంటే ఆలస్యంగా దిగింది వాళ్లే. పద్నాలుగు నిమిషాలు పట్టింది. సెలూన్ అతను ఒక్కొక్కరి ముందూ నిలబడి, ముఖం చూసి, కొత్త పలక మీద గీత గీస్తున్నాడు. చివరికి ఈ ఇద్దరి ముందుకొచ్చి రెండు గీతలు గీశాడు.

"ఎనభై ఒకటి" అన్నాడు.

"ముఖాలేనా?" అంది కండక్టరమ్మ.

"ముఖాలే అక్కా. ఏదీ కలపలేదు."